వాన క్లబ్బుకి వచ్చిన ఒక్క పిల్ల

వానని కొలవడానికి ముప్పైమంది అక్కర్లేదు. ఒక్కరు చాలు. ఒక సీసా, ఒక స్కేలు, పొద్దున్న ఎనిమిదిన్నరకి వచ్చి వంగి చూసే ఓపిక ఉంటే సరిపోతుంది. ఈ మాట నేను మొదటిరోజే గట్టిగా అని ఉంటే తరవాత జరిగింది జరిగేది కాదేమో. అనలేదు. ముప్పైమంది వచ్చారు కదా అని మురిసిపోయాను.

నేను రాజాం దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. సొంతూరు శృంగవరపుకోట. ట్రాన్స్‌ఫర్ మీద ఇటు వచ్చి ఐదేళ్లయింది. రాజాంలో ఒక ఇంటి మేడమీద పోర్షన్ అద్దెకి తీసుకుని ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఇప్పటిదాకా అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. అందులో ఏది నిజమో ఇప్పుడు నాకే గుర్తులేదు. స్టాఫ్ రూంలో మిగతావాళ్లు మంచివాళ్లే, కానీ లాంగ్ బెల్ కొట్టేసరికి ఎవరి బండి వాళ్లు తీస్తారు. నాకు ఐదూ పదికి బస్సు. శనివారం ఆ బస్సెక్కితే మళ్లీ సోమవారం పొద్దున్న దాకా, పాలు పోసే ఆవిడతో తప్ప ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. ఇదేం గొప్పగా చెప్పుకునే విషయం కాదు. కానీ ఈ సంగతంతా అర్థం కావాలంటే ఇది తెలియాలి, అందుకని చెబుతున్నాను.

ఆ ఏడు జూన్‌లో ప్రతి టీచరూ ఒక క్లబ్బు పెట్టాలన్నారు. శనివారం ఆఖరి పీరియడు దానికి. లెక్కల మాస్టారు చదరంగం అన్నారు, తెలుగు మేడమ్ పద్యాలు అన్నారు. నేను వాన అన్నాను. స్టాఫ్ రూంలో నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా దాన్లోనే పెట్టి, అడుగున గులకరాళ్లు పోసి, వాటి మీద దాకా నీళ్లు నింపి అక్కడ సున్నా గీత గీశాను. పక్కన ప్లాస్టిక్ స్కేలు అంటించాను. స్కూలు వెనకాల పాత ల్యాబు ముందు, చెట్ల నీడ పడని చోట ఒక రాయి మీద పెట్టాను. పేర్లు ఇమ్మంటే ముప్పై వచ్చాయి. జులైలో మొదటి వాన పడ్డరోజు ఆ ముప్పైమందీ సీసా చుట్టూ మూగి, తోసుకుని, సీసాని తన్నేశారు. కొలవడానికి ఏమీ మిగల్లేదు. ఆరోజు నేను అరిచిన అరుపు వంటగదిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడకి కూడా వినపడిందట.

అరిచినందుకే మానేశారని నేను చాలా రోజులు అనుకున్నాను. అసలు కారణం అది కాదు, ఆటోలు. శనివారం ఆఖరి పీరియడు ఆటలకీ క్లబ్బులకీ వదిలేశారు. వదిలేశారంటే నిజంగానే వదిలేశారు. మూడుంబావు అయ్యేసరికి మొదటి ట్రిప్పు ఆటోలు గేటు దగ్గరికి వచ్చేసేవి. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల పిల్లలు వాటిమీదే ఆధారపడ్డారు. మొదటి ట్రిప్పు పోతే రెండోది మళ్లీ నాలుగున్నరకి. ఈ క్లబ్బు కోసం గంటంబావు ఎవడు కాచుకుంటాడు? ఇక నడిచి వెళ్లే ఈ ఊరి పిల్లలున్నారు చూడండి, వాళ్లు కబడ్డీకి పోయేవాళ్లు. నేనైనా పోదును, ఆ వయసులో. వారం వారం తగ్గుతూ వచ్చారు. పన్నెండు, ఏడు, ముగ్గురు. ఆగస్టు మూడో శనివారం పాత ల్యాబులో కుర్చీ వేసుకుని నేనొక్కదాన్నే కూర్చున్నాను. కబడ్డీ కూత వినబడుతోంది. ల్యాబులో కుళాయి చుక్క చుక్క కారుతోంది. క్లబ్బు మూసేస్తాను సార్ అని హెడ్మాస్టారితో చెప్పడానికి లేచాను. మళ్లీ కూర్చున్నాను. మూసేస్తే ఆ గంట కూడా నాకు ఇంటిదగ్గర గంటే అవుతుంది. దానికంటే కారే కుళాయే నయం అనిపించింది.

తరవాతి శనివారం నేను వెళ్లేసరికి ల్యాబు గుమ్మంలో ఒక పిల్ల కూర్చుని ఉంది. తొమ్మిదో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల. వాళ్ల నాన్న విశాఖపట్నంలో రాడ్ బెండింగ్ పని చేసేవాడు. పనికని చెన్నై వెళ్లిపోతే తల్లి పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చేసింది. ఇక్కడికి ఆరు కిలోమీటర్లు.

"క్లబ్బుకేనా?" అన్నాను, ఆశ దాచుకోలేక.

"ఏ క్లబ్బు మేడమ్?"

"వాన క్లబ్బు."

"నాకు తెలీదు మేడమ్. మా ఆటో రెండో ట్రిప్పుకి గాని రాదు. గేటు కాడ కుక్కలున్నాయి. అందికే ఇక్కడ కూకున్నాను."

అంత నిజం మొహం మీద చెప్పేవాళ్లంటే నాకు ఇష్టం. లోపలికి రమ్మన్నాను. ఆ వారం పడిన వానలు పలక మీద రాసి ఉన్నాయి. సోమవారం పద్నాలుగు మిల్లీమీటర్లు, బుధవారం మూడు, గురువారం సున్నా. ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"గురువారం పడ్డాది కదా మేడమ్," అంది.

"పడలేదమ్మా. నేనే చూశాను."

"మా ఊర్లో పడ్డాది. మా అమ్మ ఎండేసిన పిడకలన్నీ తడిసిపోనాయి. మీరు రాసింది తప్పు."

తప్పు కాదని, ఆరు కిలోమీటర్ల దూరంలో ఒకచోట పడి ఇంకోచోట పడకపోవచ్చని చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మకపోతే నువ్వే కొలిచి చూపించు అన్నాను. ఉడుకుమోతు పిల్ల. సోమవారానికల్లా తనే ఒక సీసా కోసి పెట్టుకుంది. మంగళవారం వాన పడింది. బుధవారం పొద్దున్న ప్రార్థనకి లైను కడుతూ నా పక్కనుంచి వెళ్తూ, గొంతు తగ్గించి, "డెబ్బై మేడమ్" అంది.

నా సీసాలో పదకొండు. ఆ పిల్ల సీసా ఎక్కడ పెట్టిందో తెలుసా? చూరు కింద. ఇంటి కప్పు మీద పడిన నీళ్లన్నీ దాంట్లోకే. నేను నవ్వాను. అలా నవ్వి ఉండకూడదు, మూతి ముడుచుకుని రెండు రోజులు నావంక చూడలేదు. శనివారం మాత్రం వచ్చింది. సీసాని పెంటకుప్ప అవతల, పైన ఏమీ లేని చోట రాయి మీదకి మార్చేశానంది. "మరి ముందే సెప్పాలి కదా మేడమ్, సూరు కింద పెట్టకూడదని" అని నన్నే తిట్టింది. నిజమే, చెప్పలేదు.

అప్పటినుంచి అదొక అలవాటయింది. వాన పడిన మర్నాడు, ఆటో దిగి లైనులోకి పోతూ, నా పక్కకి వచ్చేసరికి ఆ పిల్ల నోట్లోంచి ఒక అంకె. "ఇరవైరెండు మేడమ్." నేను నాది చెప్పేదాన్ని. "పంతొమ్మిది." అంతే. ఆగేది కాదు, నవ్వేది కాదు. ఇంకొక మాట ఉండేది కాదు. ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి, నేను ఆ అంకె కోసం పొద్దున్నే ఒక బస్సు ముందు వచ్చేదాన్ని. పని లేకుండా, అడక్కుండా, నాకోసమని ఒక మాట మోసుకొచ్చే మనిషి అప్పటికి నాకు ఇంకొకరు లేరు. వాన పడని రోజుల్లో ఆకాశాన్ని తిట్టుకునేదాన్ని.

శనివారం ఆ గంటా ఇద్దరం రెండు ఊళ్ల వానలూ పక్కపక్కన గీతలు గీసేవాళ్లం. ఆ పిల్ల తన నోటుపుస్తకం అట్ట మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా పేరు రాసుకుంది, చుట్టూ చుక్కలు పెట్టి. లోపల తేదీ, టైము, ఎంత పడింది. ఒక్కోచోట తనకి తోచినవి కూడా రాసేది. 'గాలి లేదు.' 'చీమలు గుడ్లు మోసుకెళ్లినాయి.' 'తమ్ముడు సీసాలో ఉచ్చపోసినాడు, ఈరోజు లెక్క లేదు.' ఆ చివరిది చదివి నేను ఎంతసేపు నవ్వానో.

ఇంతలో సెప్టెంబర్‌లో కొత్త నిబంధన. ప్రతి శనివారం క్లబ్బు ఫొటో తీసి విద్యాశాఖ యాప్‌లో పెట్టాలి. పిల్లలు పదిమందికి తగ్గకూడదు. టీచరు కూడా ఫొటోలో ఉండాలి. హెడ్మాస్టారు ఈ ప్రాంతం మనిషే, రిటైర్మెంటుకి దగ్గరపడినాయన. నన్ను గదిలోకి పిలిచి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"పదిమంది ఉన్నారు కదా మేడమ్ మీకు?"

"ఉన్నారు సార్."

"నేకపోతే సెప్పీండి. ఆ పీరియడు టెంత్‌కి లెక్కలికి ఇచ్చీడమే. మొగమాటం ఏటీ లేదు."

"ఉన్నారు సార్," అని మళ్లీ అన్నాను. నేను తరగతిలో అబద్ధమాడిన పిల్లల చెవులు మెలిపెట్టే టీచర్ని.

ఆ శనివారం కబడ్డీ దగ్గరికి పోయి, ఫొటోకి వస్తే బిస్కెట్ ప్యాకెట్ ఇస్తానని పదిమందిని తోలుకొచ్చాను. వాళ్ల పేర్లు జూన్ లిస్టులో ఎలాగూ ఉన్నాయి. బల్లల మీద కూర్చోబెట్టాను. మధ్యలో సీసా పెట్టాను, పక్కన నేను నిలబడ్డాను. అప్పుడు తట్టింది, ఫొటో ఎవరు తీయాలి? నేను ఫొటోలో ఉండాలి. పదిమందీ ఉండాలి. మిగిలింది ఆ పిల్ల. ఫోన్ దాని చేతికి ఇచ్చాను. వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి, శ్రద్ధగా తీసింది. అందరూ పడ్డారు, అద్దంలా ఉంది. ఐదు నిమిషాల్లో ఆ పదిమందీ బిస్కెట్లు తీసుకుని పరుగెత్తారు. మళ్లీ నేనూ ఆ పిల్లా మిగిలాం. గీతలు గీసుకున్నాం.

ఇక ప్రతి శనివారం అంతే. ఎప్పుడైనా నేను మర్చిపోతే అదే గుర్తుచేసేది, "మేడమ్, ఫొటో" అని. చెయ్యి చాపేది. ఒక్కవారమైనా నువ్వు కూర్చోవే, ఫోన్ ఇంకొకరికి ఇద్దాం అని నాకు ఎందుకు తోచలేదు? తోచలేదు అంతే. పని జరిగిపోతోంది కదా. లిస్టులో దాని పేరు ఎక్కించాలని మాత్రం ఒకటి రెండుసార్లు అనుకున్నాను. అది ఆగస్టులో చేరింది, లిస్టు జూన్‌లో పంపేశాం. మార్చాలంటే హెడ్మాస్టారి దగ్గరికి వెళ్లాలి. వెళ్తే మాటలో మాటగా అసలు ఎంతమంది వస్తున్నారని అడుగుతారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను.

అక్టోబర్ చివర్లో తుఫాను వచ్చింది. మూడు రోజులు స్కూళ్లకి సెలవు. నేను మేడమీద తలుపులు బిగించుకుని కూర్చున్నాను. కరెంటు లేదు, ఫోన్ చచ్చిపోయింది. నాలుగో రోజు స్కూలుకి వెళ్లేసరికి మా సీసా లేదు, రాయి ఉంది. సీసా ఎక్కడికి కొట్టుకుపోయిందో ఇప్పటికీ దొరకలేదు. ప్రార్థన లైను కడుతున్నారు. ఆ పిల్ల నా పక్కకి వచ్చింది. మొదటిసారి ఆగింది.

"నూట డెబ్బైనాలుగు మేడమ్. రెండోరోజుది. మిగతావి పుస్తకంలో ఉన్నాయి."

"మీ సీసా అంత పట్టదు కదే?"

"పట్టదు. అందికే నిండకముందే మూడుసార్లు పారబోసినాను. మూడుసార్లూ రాసినాను. మా అమ్మ తిట్టింది, గాలికి కొట్టుకుపోతావే గుంటా అని."

చుట్టూ అంతమంది పిల్లలుండగా టీచరు ఏడిస్తే బాగోదని "సరే, లైనులోకి పో" అని కసిరాను. చూడండి నా తెలివి.

డిసెంబర్‌లో విజయనగరంలో జిల్లా స్థాయి ప్రదర్శన అన్నారు. ఒక్కో క్లబ్బు నుంచి ఇద్దరు పిల్లలు వెళ్లాలి, చేసింది చూపించి మాట్లాడాలి. మా స్కూలు నుంచి చూపించడానికి ఏమైనా ఉందంటే అది ఆ నోటుపుస్తకమే. హెడ్మాస్టారు కూడా అదే అన్నారు, వాన క్లబ్బునే పంపుదామని. నాకు ఎంత సంతోషం వేసిందో. ఫారం తీసి చూశాను. యాప్ లిస్టులో పేరున్న పిల్లలు, వారం వారం ఫొటోల్లో కనబడే పిల్లలు మాత్రమే అర్హులు అని ఉంది.

ఆ రాత్రి నేను పది వారాల ఫొటోలు ముందునుంచి చివరిదాకా తిప్పి చూశాను. ఒక్కదాంట్లో అయినా ఉందేమోనని. ఎలా ఉంటుంది? అన్నీ అదే తీసింది. పది మొహాలూ, మధ్యలో సీసా, పక్కన నేను. అన్నింట్లోనూ నేను నవ్వుతున్నాను, ఎందుకంటే అవతల గుమ్మంలో నిలబడి ఒంటికన్నుతో చూస్తున్న దాన్ని చూసే నవ్వుతున్నాను.

మర్నాడు హెడ్మాస్టారి గది ముందు నిలబడ్డాను. లోపలికి వెళ్లి, సార్, నా క్లబ్బుకి వచ్చేది ఒక్కతే, మిగతావాళ్లు బిస్కెట్లకి వచ్చినవాళ్లు అని చెప్పాలి. చెబితే క్లబ్బు పోతుంది. మెమో వస్తుందని నాకు భయం లేదు, వస్తే రానీ. శనివారం ఆ గంట పోతుందని భయం. పొద్దున్న పూట ఆ అంకె పోతుందని భయం. పిల్లకి న్యాయం చేస్తే పిల్ల నాకు దక్కదు అన్నట్టు లెక్క వేసుకున్నాను. లోపలికి వెళ్లలేదు.

కబడ్డీ ఆడే ఇద్దరు మగపిల్లల పేర్లు ఫారంలో రాశాను. మంచి పిల్లలు, వాళ్లననేదేం లేదు. శనివారం ఆ పిల్లని కూర్చోబెట్టి చెప్పాను. లిస్టులో నీ పేరు లేదమ్మా, రూల్స్ ఒప్పుకోవు, వాళ్లిద్దరూ వెళ్తారు, నువ్వు వాళ్లకి నేర్పాలి అని. పెద్దమనిషిలా, చాలా మెత్తగా చెప్పాను. ఆ పిల్ల వింది.

"పుస్తకం కూడా ఇచ్చీమంటారా మేడమ్?"

"ఇవ్వకపోతే ఏం చూపిస్తారు?"

"మా ఇంటికాడి వాన వాలేటి సెప్తారు?"

కాసేపు కుళాయి కారింది. తరవాత ఆ పిల్లే సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. రెండు శనివారాలు ఆ మగపిల్లలకి నేర్పింది కూడా. సున్నా గీత ఎందుకు, చూరు కింద ఎందుకు పెట్టకూడదు, ఒకటికి రెండుసార్లు చెప్పింది. వాళ్లు ఆవులిస్తే గద్దించింది. "ఒరే, సరిగ్గా ఇనండి. అక్కడ అడుగుతారు."

విజయనగరం నేనే తీసుకెళ్లాను వాళ్లని. చీపురుపల్లి మీదుగా బస్సు, పిల్లలు దారంతా పాటలు. అక్కడ బల్ల మీద పుస్తకం పెట్టాం. నిర్వాహకులు వచ్చి స్కూలు పేరూ, ఇద్దరి పేర్లూ అచ్చువేసిన చీటీకి జిగురు రాసి సరిగ్గా అట్ట మీద, ఆ పిల్ల పేరు పైనే అంటించి పోయారు. నేను చూస్తూనే ఉన్నాను. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన తుఫాను పేజీ దగ్గర ఆగి, "మూడుసార్లు ఎందుకు పారబోశావు బాబూ?" అని అడిగాడు. ఆ పిల్లాడు బిక్కమొహం వేసి, "మా అమ్మ పారబోసీమంది సార్" అన్నాడు. ఆయన నవ్వి నావైపు చూశాడు. అప్పుడైనా చెప్పొచ్చు, అది రాసింది వీడు కాదండీ అని. నేనూ నవ్వాను.

ప్రశంసాపత్రం ఇచ్చారు. సోమవారం ప్రార్థనలో హెడ్మాస్టారు ఆ ఇద్దర్నీ ముందుకి పిలిచారు, స్కూలంతా చప్పట్లు. నేను తొమ్మిదో తరగతి లైను వైపు చూశాను. ఆ పిల్ల కూడా చప్పట్లు కొడుతోంది. అందరితో మొదలుపెట్టి అందరితో ఆపింది.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి ముందు ఆ చీటీ తీసేద్దామని ఇంటికి పట్టుకెళ్లాను. నీళ్లతో తడిపి, గోటితో నెమ్మదిగా లాగాను. గట్టి జిగురు. చీటీ వచ్చింది, దాంతోపాటు అట్ట పైపొర కూడా లేచి వచ్చింది. దాని పేరు నా చేతిలో ఉంది, చీటీ వెనకాల అతుక్కుని, సగం చుక్కలతో. అట్ట మీద బూడిదరంగు మచ్చ మిగిలింది. నేను టీచర్ని, నలభై ఆరేళ్ల మనిషిని, వంటగదిలో నేలమీద కూర్చుని ఏడ్చాను.

శనివారం మామూలుగానే పదిమందిని తెచ్చి కూర్చోబెట్టాను. ఆ పిల్ల మామూలుగానే చెయ్యి చాపింది. నేను ఫోన్ ఇవ్వలేదు.

"ఈ వారం నువ్వు కూర్చోవే. నేను తీస్తాను."

"ఎందుకు మేడమ్," అంది. కోపం లేదు గొంతులో. "పదిమంది సరిపోయినారు కదా."

ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి తీసింది. బాగా వచ్చింది. నా మొహం తప్ప.

ఆ తరవాతి శనివారం ల్యాబు గుమ్మంలో ఎవరూ లేరు. నేను పుస్తకం పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను. మొదటి ట్రిప్పు ఆటో నిండిపోయి ఉంది, పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు. ఆ పిల్ల వెనక, బయటికి కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

"మీది రెండో ట్రిప్పు కదే?"

"మొదటి ట్రిప్పులో ఎనకాల కాళీ ఉంటాదన్నాడు మేడమ్. ఇక దీనికే ఎల్తాను."

"నీ పుస్తకం." అట్ట కనబడకుండా తిప్పి పట్టుకున్నాను.

"ఉంచీండి మేడమ్. నాను కొత్తది పెట్టీసినాను."

ఆటో కదిలింది. ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది, చుట్టూ ఉన్నవాళ్లు ఊపుతున్నారని.

అప్పుడు వెళ్లాను హెడ్మాస్టారి గదిలోకి. కూర్చోమనకుండానే కూర్చుని అంతా చెప్పేశాను. ఒక్కతే వచ్చేదని, బిస్కెట్లని, ఫొటోలని, పుస్తకం ఎవరిదో. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నాకు తెలీదేటి మేడమ్? నా గది కిటికీ అటే కదా. కబడ్డీ వాలు ఐదు నిమిషాల్లో తిరిగొచ్చీసేవోరు, బిస్కెట్లు నముల్తా."

"మరి ఏమీ అనలేదేం సార్?"

"ఏటంటాను? ఒక పిల్లకైనా పాఠం సెప్తన్నారు కదా అనుకున్నాను. ఆ పిల్ల పేరు లిస్టులో లేదని ముందే సెప్పుంటే ఆఫీసుకి ఒక ఫోన్ సేసి ఎక్కించీవోణ్ని. ఒక్క ఫోన్ మేడమ్."

ఒక్క ఫోన్. దానితో పోయేదానికా నేను దాచిందీ, అబద్ధమాడిందీ, బిస్కెట్లు పంచిందీ, నవ్విందీ. ఆయన ఆ పీరియడు లెక్కలకి ఇచ్చేయమంటారా అని అడిగారు. ఇచ్చేయండి సార్ అన్నాను.

అయినా నేను కొత్త సీసా పెట్టాను, అదే రాయి మీద. శీతాకాలమంతా ఖాళీగానే ఉంది. దుమ్ము తుడిచేదాన్ని. మార్చిలో ఒకరోజు తెల్లవారుజామున అకాల వాన పడింది. బస్సులోంచి చూస్తే రోడ్డు పొడవునా ఆరబోసిన మొక్కజొన్న మీద టార్పాలిన్లు కప్పి జనం నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లని చూసి బాధపడాలి. నేను బాధపడలేదు, సంతోషించాను. వాన పడింది కదా.

ఎనిమిదిన్నరకి వంగి చూశాను. పద్దెనిమిది. గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను, ఏదో పని ఉన్నట్టు. ఆటో వచ్చింది. పిల్లలు దిగుతున్నారు. ఆ పిల్ల దిగింది, సంచి ఒకవైపు, చేతిలో కొత్త పుస్తకం. దాని అట్ట మీద ఈసారి పేరు రాసుకోలేదు. నా దగ్గరికి వచ్చేసరికి నడక నెమ్మదించినట్టు అనిపించింది, నా భ్రమేనేమో.

"నమస్తే మేడమ్," అంది, అందరితోపాటు.

"నమస్తే," అన్నాను.

లైనులోకి వెళ్లిపోయింది. మీ ఊళ్లో ఎంత పడిందే అని అడగడానికి నాకు నోరు రాలేదు. గంట కొట్టారు, ప్రార్థన మొదలైంది. నా పద్దెనిమిది ఆరోజు నేనెవరికీ చెప్పలేదు.